పెద్దమ్మ కంటి ఎత్తు

కల్లూరులో కేశవయ్య కట్టిస్తున్న కొత్త ఇంట్లో, ఈమధ్యే పూత పూసిన గోడ మీద ఎవరో బొగ్గుతో బొమ్మలు గీశారు. పొద్దున్నే పని చూసుకోవడానికి వచ్చిన సావుకారు గుమ్మంలోనే ఆగిపోయి "ఎవరు గీసినారు ఇది?" అని అరిచాడు. పైన స్లాబుకు నీళ్లు కొడుతున్నవాళ్లు పైపులు వదిలేసి కిందికి తొంగిచూసేంత అరుపు అది. పోయిన వారం మనం ఆ అరుపు దగ్గరే ఆగాం.

గీసింది శివజ్యోతి. ఆ సంగతి ఆమె కాక అక్కడ ఇంకొక్కడికే తెలుసు, పెద్ద మేస్త్రి గిడ్డయ్యకు.

శివజ్యోతిది ఆలూరు దగ్గర ఒక పల్లె. వరసగా రెండేళ్లు పత్తి ఎండిపోయాక కల్లూరు వచ్చి, గిడ్డయ్య ముఠాలో ఇసుక, సిమెంటు మోసే పనికి కుదురుకుంది. ముప్ఫై ఒకటో ఏడు నడుస్తోంది. చదువు ఏడో తరగతితో ఆగిపోయింది కానీ చెయ్యి మాత్రం ఆగలేదు. టైల్సు వచ్చిన అట్టపెట్టె కనపడితే చాలు, మధ్యాహ్నం సద్ది తినేవేళ దాని మీద ఏదో ఒకటి గీసేది. పక్క సందులో ఉండే రిటైరైన డ్రాయింగు మాస్టారు జ్ఞానరాజు ఏడు నెలల కిందట అలాంటి అట్టముక్క ఒకటి చూశాడు. అప్పట్నుంచి రోజూ పని దిగాక ఒక గంట ఆయన దగ్గర కూర్చుని నేర్చుకుంటోంది.

"గిడ్డయ్యా, నిన్నే అడుగుతాండా. ఎవరు?" అన్నాడు కేశవయ్య మళ్లీ. "ఇంకా గృహప్రవేశం కాలే. పూత తడి ఆరలే. నల్లబొగ్గు పెట్టి గోడంతా గీకుతారా? ఇది మా అమ్మ గదప్పా!"

గిడ్డయ్య తలపాగా విప్పి చేతిలోకి తీసుకున్నాడు. "సామీ, లప్పం పెడితే కనపడదు. ఈ పొద్దే కడిగిస్తా" అన్నాడు.

"కడిగేది తర్వాత. చేసినోళ్లను ముందు పని నుంచి దింపు."

ఇసుక తట్టతో లోపలికి వస్తున్న శివజ్యోతి ఆ మాట విని ఆగింది. ఈ ఇంటి పని పోతే ఒక్క ఈ ఇంటితో పోదు. సావుకారు దింపేసిన మనిషిని రేపు గిడ్డయ్య ఇంకో పనికి పిలవాలన్నా వెనకాడతాడు. మళ్లీ ఊరికి పోవాలి, అక్కడ పని లేదు. తట్ట ఇంకా తల మీదే ఉంది. దాన్ని నిదానంగా దించి గోడవారన పెట్టి, చీరకొంగుతో చేతులు తుడుచుకుంది.

"నేనే సావుకారూ. నేనే గీసినా."

కేశవయ్య ఆమెను ఎగాదిగా చూశాడు. ఏడు నెలలుగా ఇసుక మోస్తున్న మనిషే. ఒక్కరోజైనా ఎదురుపడి మాట్లాడింది లేదు. ఆయన వెనకే ఇంజనీరు వేణుగోపాల్ వచ్చాడు. ఇరవై ఏడేళ్ల కుర్రవాడు, చేతిలో ప్లాన్ కాగితాల చుట్ట ఉంది. గోడ వైపు ఒకసారి చూసి పెదవి విరిచాడు.

"ఏమ్మా, బొమ్మలు గీసుకోవాలంటే నీ ఇంట్లో గీసుకో. ఇది సైటు" అన్నాడు.

"ఇది బొమ్మ కాదు సారూ. ఈ గదే" అంది శివజ్యోతి. "ఈ గదే రెండుసార్లు గీసినా. పెద్దమ్మకు ఏం కనపడ్తాదో చూపిద్దామని."

ఆ మాట అనడానికి కావలసిన ధైర్యం ఆ పొద్దు పుట్టింది కాదు. ఏడు నెలల సాయంత్రాలు పట్టింది.

మొదటిరోజు జ్ఞానరాజు ఆమె ముందు ఒక ఇటుక పెట్టి గీయమన్నాడు. రోజుకు వెయ్యి ఇటుకలు మోసే మనిషికి ఇటుక గీయడం ఒక లెక్కా అనుకుంది. చకచకా గీసి ఇచ్చింది. సారు చూసి నవ్వాడు. ఎగతాళి నవ్వు కాదు, తనకు బాగా తెలిసిన తప్పును చాలా రోజులకు మళ్లీ చూసినవాడి నవ్వు.

"ఇటుకకు ఎన్ని ముఖాలుండాయమ్మా?"

"ఆరు సార్."

"నువ్వు కూచున్న చోటు నుంచి ఎన్ని కనపడ్తాండాయి?"

"మూడు."

"మరి నాలుగు గీసినావే? నీ చేతికి తెలిసింది గీస్తాండావు తల్లీ. కంటికి కనపడేది గీయి. చెయ్యి శానా తెలివైంది. కంటి మాట వినదు. దాన్ని లొంగదీసుకునేదానికే ఈ చదువంతా."

తర్వాత ఒక స్టీలు గ్లాసు తెచ్చాడు. నేల మీద పెట్టి, మూతి ఎలా ఉందో చూడమన్నాడు. దాదాపు గుండ్రంగా ఉంది. స్టూలు మీద పెడితే మూతి కోడిగుడ్డులా సన్నబడింది. అలమర అరలో, సరిగ్గా ఆమె కళ్ల ఎత్తున పెట్టేసరికి మూతే లేదు, ఒట్టి గీత! అలమర మీదికి ఎక్కిస్తే మూతి కనపడకుండా పోయి అడుగు కనపడింది. రోజూ నీళ్లు తాగే గ్లాసు ఇన్ని వేషాలు వేస్తుందని ముప్ఫై ఏళ్లలో ఆమెకు తెలియలేదు. ఆ రాత్రి అన్నం తింటూ తింటూ చెంబును పైకెత్తి కిందికి దించి చూస్తూనే ఉంది.

ఒక ఆదివారం ఆయన ఆమెను కేసీ కెనాల్ గట్టు మీదికి తీసుకుపోయాడు. రెండు గట్లూ దూరంగా పోయి పోయి ఒకచోట కలిసినట్టున్నాయి.

"కలుస్తాండాయి సార్, ఆడ."

"నడిచిపోయి చూసి రాపో."

ఆమె నిజంగానే నడిచింది. మైలు దూరం పోయింది. ఎంత నడిస్తే అంత ముందుకు జరిగింది ఆ కలిసే చోటు. తిరిగి వచ్చేసరికి సారు గట్టు మీద తువ్వాలు పరుచుకుని కూర్చుని ఉన్నాడు. "కలవలే సార్. నాతోపాటే వస్తాండాది" అంది ఆయాసపడుతూ. ఆయన లేచి నిలబడ్డాడు. "ముప్ఫై మూడేళ్లు పిల్లోళ్లకు ఈ పాఠం చెప్పినా. నడిచిపోయి చూసింది నువ్వొక్కదానివే" అన్నాడు. ఆ కలిసే చోటుకు ఇంగ్లీషులో పెద్ద పేరుందట. శివజ్యోతి 'మునిగే చుక్క' అంది. సారుకు ఆ పేరు ఎంత నచ్చిందంటే, అప్పట్నుంచి ఆయనా అదే అనేవాడు. చూసేవాళ్ల కన్ను ఎంత ఎత్తులో ఉంటే అంత ఎత్తులో బొమ్మకు అడ్డంగా ఒక గీత గీయాలి. అది కంటిగీత. ఆ గీత మీదే మునిగే చుక్క ఉంటుంది. గీతకు పైనున్న అంచులు దూరం పోయేకొద్దీ కిందికి దిగుతాయి, కిందున్నవి పైకి ఎక్కుతాయి. అన్నీ పోయి ఆ చుక్కలో మునుగుతాయి.

"బొమ్మ మొదలుపెట్టే ముందు నిన్ను నువ్వు ఒకటే అడుక్కో" అనేవాడు సారు. "ఎవరు చూస్తాండారు? యాడుండి చూస్తాండారు? అది తేలితే మిగిలిందంతా దానంతట అదే వచ్చి కూచుంటాది."

పోయిన వారం కేశవయ్య తన తల్లిని కొత్త ఇల్లు చూపించడానికి తెచ్చాడు. అలివేలమ్మకు డెబ్బై నాలుగేళ్లు. మొగుడు పోయాక ముప్ఫై అయిదేళ్లు పాతబస్తీ బజారులో కిరాణం అంగడి నడిపిన మనిషి. వీధిలో ఎవరు పోతున్నా పేరు పెట్టి పలకరించేది. రెండేళ్ల కిందట తుంటి విరిగింది. అప్పట్నుంచి చక్రాల కుర్చీలోనే ఉంటోంది. కొడుకు ఆమె కోసం ముందుగది కట్టించాడు. పాలరాతి నేల, పక్కనే పట్టుకోవడానికి కడ్డీలున్న బాత్‌రూము, రోడ్డు వైపు పెద్ద కిటికీ. "ఎట్లుంది అమ్మా?" అని అడిగితే ఆమె "బాగుండాది నాయనా" అంది, తల వంచి ఒళ్లో చేతులు చూసుకుంది. అదే సమయానికి శివజ్యోతి కుర్చీ పక్కన ఒలికిన ఇసుక ఎత్తడానికి కిందికి వంగింది. తల ఎత్తి కిటికీ వైపు చూస్తే ఆకాశం తప్ప ఏమీ లేదు. నిలబడి చూసింది. రోడ్డంతా కనపడింది. మళ్లీ వంగింది. మళ్లీ ఆకాశం.

అప్పట్నుంచీ ఆ సంగతి ఆమెను పని చేసుకోనివ్వలేదు. నిన్న పని దిగాక గిడ్డయ్యను నూలుదారం అడిగి తీసుకుని, గోడకు మేకు కొట్టి, వెలుతురు ఉన్నంతసేపూ గీసింది.

ఇప్పుడు అదే గోడ ముందు అందరూ నిలబడి ఉన్నారు.

"పెద్దమ్మకు ఏం కనపడ్తాదో నువ్వు చూపించేదేంది?" అన్నాడు కేశవయ్య. "మా అమ్మ నోటితో బాగుండాదని చెప్పింది. నీకంటే నాకు తెలీదా?"

"సార్, కిటికీ ప్లాన్ ప్రకారమే పెట్టినాం" అన్నాడు వేణుగోపాల్. "రోడ్డు దుమ్ము లోపలికి రాకూడదని గట్టు నాలుగడుగుల రెండంగుళాలు తీసుకున్నాం. మీరు సంతకం పెట్టినారు కూడా."

"సారు చెప్పింది నిజమే" అంది శివజ్యోతి. "కాగితంలో తప్పు లేదు. కాగితం పైనుంచి చూస్తాది. పెద్దమ్మ కుర్చీలోంచి చూస్తాది."

అప్పుడే బయటినుంచి ఒక గొంతు వినిపించింది.

"కేశవా! ఏందిరా ఆ అరుపు? నన్ను కార్లో వదిలేసి ఎవరితో కొట్లాడతాండావు? లోపలికి తీస్కపో నన్ను."

మిగతా గదులకు నేల రాయి ఎంచుకోవడానికని కేశవయ్య ఆ పొద్దు తల్లిని వెంట తెచ్చాడు. గిడ్డయ్య, డ్రైవరు కలిసి కుర్చీని మెట్ల మీద పెట్టిన పలకల మీదుగా లోపలికి తోసుకొచ్చారు. అలివేలమ్మ కళ్లద్దాలు సరిచేసుకుని గోడను చూసింది.

గోడ మీద రెండు గదులున్నాయి. రెండూ ఒకటే గది. మొదటిదాంట్లో నేలరాళ్ల గీతలు పైకెక్కి, కప్పు అంచులు కిందికి దిగి, అన్నీ అయిదడుగుల ఎత్తున ఒక చుక్కలో కలిశాయి. కిటికీ గట్టు మీద పరిచిన కడప బండ పైముఖం కనపడుతోంది. కిటికీలోంచి రోడ్డు, షేర్ ఆటో, ఎదురుగా టీబండి, దాని పక్కన కరెంటు స్తంభం కనపడుతున్నాయి. రెండోదాంట్లో ఆ చుక్క కిందికి దిగింది. కప్పు ఎత్తు పెరిగినట్టుంది. గోడలు ముందుకు వచ్చినట్టున్నాయి. కడప బండ పైముఖం మాయమై అడుగు కనపడుతోంది. కిటికీ నిండా కరెంటు తీగలు. వాటి వెనక ఏమీ గీయకుండా వదిలేసిన ఖాళీ.

వేణుగోపాల్ ఆ బండ అడుగు దగ్గర ఆగిపోయాడు. ముందుకు వచ్చి, జేబులోంచి టేపు తీశాడు. గోడ మీద కిటికీ వెడల్పు కొలిచాడు, గట్టు ఎత్తు కొలిచాడు, వెనక్కి తిరిగి నిజం కిటికీ కొలిచాడు. కాగితం చుట్ట మీద ఏవో అంకెలు వేసుకున్నాడు. మళ్లీ కొలిచాడు.

"ఎంత తేడా?" అని అడిగాడు గిడ్డయ్య ఉండబట్టలేక.

"వేలెడు" అన్నాడు ఇంజనీరు. "అంత పెద్ద బొమ్మలో వేలెడు." అతని గొంతులో ఇందాకటి విరుపు లేదు. శివజ్యోతి వైపు తిరిగాడు. "కంటి ఎత్తు మూడడుగుల ఎనిమిది అని నీకెట్ల తెలుసు?"

"పోయిన వారం పెద్దమ్మ వచ్చినప్పుడు కుర్చీ పక్కన గోడ మీద గుర్తు పెట్టుకున్నా సారూ. గోరుతో."

అలివేలమ్మ అప్పుడు నోరు విప్పింది. "కేశవా, నన్ను ఆ ప్లాస్టిక్ కుర్చీలోకి మార్చు. నువ్వు దీంట్లో కూచో."

"అమ్మా!"

"కూచోరా. నాలుగు రోజులు కూచోమనలేదు. ఒక్క నిమిషం."

కేశవయ్యకు యాభై దాటాయి. బజారులో ఆయన మాటకు ఎదురు చెప్పేవాళ్లు తక్కువ. పనివాళ్లందరి ముందూ చక్రాల కుర్చీలో కూర్చోవడం ఆయనకు ఎలా ఉందో మొహమే చెప్పింది. అయినా కూర్చున్నాడు. శివజ్యోతి నూలుదారం తీసుకుని, గోరు గుర్తు దగ్గర ఒక కొస గిడ్డయ్యకు ఇచ్చి, రెండో కొస తాను పట్టుకుని అడ్డంగా లాగింది.

"తల రవ్వంత వంచండి సావుకారూ. దారం మీ కంటికి సమంగా రావాల."

ఆయన నడుము వంచి, మెడ దించి, దారం ఎత్తుకు వచ్చాడు. కిటికీ వైపు చూశాడు.

రోడ్డు మీద షేర్ ఆటో ఒకటి హారన్ కొడుతూ పోయింది. ఎవరో ఎవరినో పిలిచారు. టీబండి దగ్గర పెద్దగా నవ్వులు. అన్నీ వినపడుతున్నాయి. ఏదీ కనపడటం లేదు. కరెంటు తీగలు, తీగల మీద ఒక కాకి, దాని వెనక ఎర్రటి ఎండ పట్టిన ఆకాశం. అంతే.

కేశవయ్య వెంటనే లేవలేదు. చక్రం మీద చెయ్యి పెట్టి అలాగే కూర్చున్నాడు.

"నాకెందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు చివరికి.

"ఏం చెప్పాల నాయనా? నువ్వు కాగితం తెచ్చి బాగుందా అంటివి. ఆ కాగితంలో నాకు గీతలే కనపడె. పోయిన వారం ఈడ కూచున్నంక తెలిసింది. అప్పటికే గోడ లేసింది, పూత అయిపాయ. నువ్వు బాత్‌రూములో కడ్డీలు చూపించి ఎంత సంబరపడతివి! ఆ మొహం చూసి కిటికీ బాగలేదని ఎట్లంటా?" అలివేలమ్మ కిటికీ వైపు చెయ్యి చూపింది. "ముప్ఫై అయిదేండ్లు వీధిని చూస్తా బతికినా. మిగిలిన నాలుగు దినాలు మబ్బు చూసుకుందాంలే అనుకుంటి."

కేశవయ్య లేచి తల్లి దగ్గరికి వచ్చి మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఏం మాట్లాడాడో ఎవరికీ వినపడలేదు. శివజ్యోతి తల పక్కకు తిప్పుకుంది. తల్లీకొడుకుల మాటలు వినే హక్కు తనకు లేదనిపించింది.

ఆయన లేచి కళ్లు తుడుచుకుని, "ఇంజనీరు సారూ, కిటికీ దించడానికి అవుతాదా?" అన్నాడు.

"అవుతాది సార్. పైన లింటెల్ దూలం జోలికి పోము. కింది గోడ రెండడుగులు కోసేస్తే చాలు." వేణుగోపాల్ కిటికీ దగ్గరికి పోయి బయటికి చూశాడు. "ఇంకోటి కూడా ఉండాది. రేపు కట్టే ప్రహరీ అయిదడుగులు. అది లేస్తే మళ్లీ అడ్డమే. ఈ కిటికీ ఎదురుగా గోడ వద్దు. గ్రిల్ పెడదాం." ఒక్క క్షణం ఆగి శివజ్యోతి వైపు చూశాడు. "కాలేజీలో రెండు సెమిస్టర్లు చెప్పినారమ్మా ఇది. పరీక్ష రాసి మర్చిపోయినా. నువ్వు బతికించినావు దాన్ని."

గిడ్డయ్య గొంతు సవరించుకున్నాడు. "సామీ, నూలు నేనే ఇచ్చినా. ఆమెను దింపాలంటే నన్నూ దింపాల" అన్నాడు. ఇందాకే చెప్పాల్సిన మాట అది. ఆలస్యంగానైనా చెప్పినందుకు అతని మొహంలో ఒక నిమ్మళం కనిపించింది.

కేశవయ్య నవ్వాడు. "ఎవర్నీ దింపేది లేదప్పా. ఆ గోడ కూడా ఎవరూ కడగొద్దు. గృహప్రవేశం దాకా అట్లే ఉండనీ. వచ్చినోళ్లంతా చూడాల."

అలివేలమ్మ వేలు ఆడించి శివజ్యోతిని దగ్గరికి పిలిచింది. బొగ్గు అంటి నల్లబడిన ఆమె చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసింది. సిమెంటుకు పగిలిన వేళ్లు, గోళ్లలో సున్నం. "ఈ చెయ్యా!" అంది. ఆ రెండు మాటలు శివజ్యోతి గుండెలో ఎక్కడో పోయి కూర్చున్నాయి.

వేణుగోపాల్ ఫోను తీసి గోడను నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీశాడు. వాటిని కడపలో తన పై అధికారి హిమబిందుకు పంపించాడు. వాళ్ల సంస్థలో డిజైన్లన్నీ చూసేది ఆమే. సద్దివేళ కాకముందే ఆమె నుంచి ఫోను వచ్చింది. వేణుగోపాల్ ఫోనును శివజ్యోతి చెవి దగ్గర పెట్టాడు.

"నేను హిమబిందునమ్మా. మేము కడప దగ్గర ముసలివాళ్ల కోసం ఒక ఆశ్రమం కడతాండాం" అంది ఆ గొంతు. "అరవై గదులు. ఒక్కో గది మంచంలో పడుకున్నోళ్లకు ఎట్ల కనపడ్తాది, కుర్చీలో ఉన్నోళ్లకు ఎట్ల కనపడ్తాది అని కట్టించేవాళ్లకు చూపించాల. రెండేళ్లుగా చెప్తాండా, నా మాట వాళ్లకు ఎక్కడం లేదు. నీ గోడ చూసినాక అనిపించింది, చెప్పాల్సింది నోటితో కాదని. సోమవారం రాగలవా? నీ బొమ్మలు పది తీసుకొని రా. కానీ ఒక్కటి. నీ గదిలో మనుషులు లేరు. మనిషి లేని గది గోదామురా తల్లీ. మంచం మీద ఒక అవ్వ, వరండా చివర్నుంచి నడిచొచ్చే తాత, దగ్గరోళ్లు పెద్దగా, దూరమోళ్లు చిన్నగా, అట్ల గీసి తీసుకొని రా. అవి చూసి నిన్ను మా ఆఫీసులో పెట్టుకుంటా."

అవి గురువారం పొద్దుటి మాటలు. సోమవారానికి మధ్య మూడు రోజులున్నాయి.

సాయంత్రం పని దిగీ దిగగానే శివజ్యోతి మొహమన్నా కడుక్కోకుండా సారు ఇంటికి పరిగెత్తింది. జ్ఞానరాజు అరుగు మీద పెన్సిళ్లు చెక్కుతున్నాడు. ఆమె ఆయాసంతో మొదలుపెట్టి, అరుపు నుంచి ఫోను దాకా ఒక్క ముక్క వదలకుండా చెప్పింది. బండ అడుగు దగ్గర ఇంజనీరు ఆగిపోయాడని విన్నప్పుడు సారు చప్పట్లు కొట్టాడు. సావుకారు కుర్చీలో కూర్చున్నాడని విన్నప్పుడు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"నేను గ్లాసు గీయడం నేర్పినానమ్మా" అన్నాడు. "నువ్వు దాంతో ఒక ముసలమ్మకు వీధి తెచ్చిచ్చినావు. నా దగ్గర నేర్చుకున్నోళ్లలో ఎవరూ అంత దూరం పోలే. నేనూ పోలే."

"మీరు లేకుంటే యాడ సార్? ఇప్పుడు మనుషులు గీయడం నేర్పండి. మూడు దినాలే ఉండాది. కూచున్నోళ్లు, పండుకున్నోళ్లు, దూరం నుంచి నడిచొచ్చేవాళ్లు. ఈ పొద్దే మొదలుపెడదాం."

సారు చేతిలో పెన్సిలు ఆగింది. చెక్కుడు బ్లేడును పక్కన పెట్టాడు.

"ఏమైంది సార్?"

"మనుషుల్ని గీయడం నాకు రాదమ్మా."

ఆమె నవ్వబోయింది, తమాషాకు అంటున్నాడనుకుని. ఆయన మొహం చూసి నవ్వు ఆగిపోయింది. లోపల గోడకు తగిలించిన అద్దాల పటం ఆమె రోజూ చూసేదే. బావి దగ్గర నీళ్లు తోడే ఆడవాళ్లు నలుగురు. దగ్గరామె నడుము వంపు, దూరంగా కడవతో పోతున్న ఆమె చిన్న వీపు, ప్రాణమున్నట్టు ఉంటాయి. కింద మూలన 'జ్ఞానరాజు' అని సంతకం. ఆ బొమ్మ చూసే కదా ఆమె మొదటిరోజు ఈయన దగ్గర నేర్చుకోవాలనుకుంది.

"మరి ఆ పటం?"

"అది నేను గీసింది కాదు." ఆయన గొంతు తడబడలేదు. ఎన్నాళ్లుగానో లోపల చెప్పుకుని చెప్పుకుని అరిగిపోయిన మాటలా వచ్చింది. "కడపలో నాతోపాటు డ్రాయింగు నేర్చుకున్నామె, మహాదేవి అని. ఇద్దరం ఒకే బెంచీ. గ్లాసులు, పెట్టెలు, స్టూళ్లు నేను బాగా వేసేవాణ్ణి. మనిషిని పెడితే చెయ్యి కదలదు. ఆమె మాత్రం నడిచిపోయే మనిషిని నాలుగు గీతల్లో నిలబెట్టేది. డ్రాయింగు మాస్టరు ఉద్యోగానికి బొమ్మలు చూపించమన్నారు. ఆమె దాచిపెట్టుకోమని నాకిచ్చిన పన్నెండు బొమ్మల మీద నా పేరు రాసుకొని పోయినా. ఉద్యోగం ఒక్కటే ఉండె. దానికి ఆమె కూడా అర్జీ పెట్టింది. చేతిలో బొమ్మలు లేవు కాబట్టి ఆమెకు రాలే."

శివజ్యోతి లోపలి పటం వైపు మళ్లీ చూసింది. ఏడు నెలలుగా తాను దేవుడిలా చూసుకున్న మనిషి ఎదురుగా కూర్చుని ఉన్నాడు. ఆయన నేర్పింది ఏదీ అబద్ధం కాదు. అది ఆమెకు తెలుసు.

"ఎందుకు చెప్తాండారు సార్ నాకిది?" అంది.

"మూడు దినాల్లో నీకు మనిషిని గీయడం నేర్పగలిగింది ఆమె ఒక్కతే కాబట్టి. నీ చేతిలోకి వచ్చింది నా వల్ల పోగూడదు తల్లీ. ఒకరిది ఇంతకుముందే పోగొట్టినా. అది చాలు."

ఆయన లోపలికి పోయి ఒక పాత డైరీ తెచ్చాడు. అందులో ఒక పేజీలో ఒకే ఒక్క నంబరు రాసి ఉంది. ఎవరో పాత విద్యార్థి ఇచ్చాడట, పదేళ్లయింది. ఒక్కసారి కూడా చేయలేదు. ఇప్పుడు ఒక్కో అంకె నొక్కాడు. ఫోను స్పీకరులో పెట్టి ఇద్దరి మధ్యా అరుగు మీద పెట్టాడు.

నాలుగు రింగులు పోయాయి. అయిదో రింగులో ఎత్తారు.

"ఎవరప్పా?" అంది ఒక ఆడగొంతు, కాస్త బొంగురుగా. "ఎవరు మాట్లాడేది?"

జ్ఞానరాజు ఫోను తీసి శివజ్యోతి చేతిలో పెట్టి, అరుగు స్తంభం పట్టుకుని తల వంచుకున్నాడు.

"మహాదేవమ్మా, మా సారు నాకు గ్లాసులు, పెట్టెలు గీయడం నేర్పినాడు. మనుషుల్ని మీరే నేర్పాలంట..." అంది శివజ్యోతి.

ఆ గొంతు నెమ్మదిగా అడిగింది.

"నీ పక్కన జ్ఞానరాజు ఉన్నాడా?"